2006 రోజ్ బౌల్, టెక్సస్ - యూఎస్‌సీ: ఆ ఫోర్త్ అండ్ టూకి బుష్‌ని ఎందుకు బయట కూర్చోబెట్టారు?

ప్రశ్న: ఆస్టిన్‌లో_మనోడు

అందరికీ నమస్తే. నేను ఆస్టిన్ వచ్చి ఎక్కువ రోజులు కాలేదు, మా టీమ్‌లో సగం మంది యూటీలో (టెక్సస్ యూనివర్సిటీ) చదివినవాళ్లే, సీజన్ మొదలైందంటే సోమవారం మీటింగ్‌లో మొదటి పావుగంట ఫుట్‌బాల్ కబుర్లే. మా లీడ్ అయితే "ఈ ఆట ఏంటో తెలియాలంటే ఒక్కటంటే ఒక్క మ్యాచ్ చూడు చాలు, 2006 జనవరి 4, రోజ్ బౌల్" అని చెప్పాడు, అది కాలేజ్ అమెరికన్ ఫుట్‌బాల్ నేషనల్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్. యూట్యూబ్‌లో పెట్టుకుని మొత్తం చూశాను, మధ్యలో రూల్స్ వెతుక్కుంటూ చూడటంతో రెండు రాత్రులు పట్టింది, కానీ చివరి ఏడు నిమిషాలు మాత్రం ఫోన్ పక్కన పడేసి లేచి నిలబడే చూశాను.

నాకు అర్థమైనంతవరకు కథ ఇది. యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) వరసగా 34 మ్యాచ్‌లు గెలిచి వచ్చింది, టీమ్‌లో ఇద్దరు హైస్‌మన్ (దేశంలో బెస్ట్ కాలేజ్ ప్లేయర్ అవార్డు) విన్నర్లు, క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేస్తూ ఆఫెన్స్ నడిపేవాడు) మ్యాట్ లైనార్ట్, రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) రెజ్జీ బుష్. ఇటు టెక్సస్ కూడా ఆ సీజన్‌లో ఒక్కటీ ఓడలేదు, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్. ఆట ఇంకా 6:42 ఉందనగా యూఎస్‌సీ 38-26 లీడ్‌లో ఉంది. విన్స్ ఒక టచ్‌డౌన్ (బంతిని గోల్ లైన్ దాటించి ఎండ్ జోన్‌లోకి తీసుకెళ్లడం, ఆరు పాయింట్లు, తర్వాతి ఎక్స్‌ట్రా పాయింట్ కిక్‌తో ఏడు) కొట్టి 38-33 చేశాడు. తర్వాత బంతి యూఎస్‌సీ చేతిలో, రెండు నిమిషాల చిల్లర మిగిలి ఉంది, టెక్సస్ 45 యార్డ్ లైన్ మీద ఫోర్త్ డౌన్ (పది యార్డులు వెళ్లడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిది), కావాల్సింది రెండు యార్డులు, అదే ఫోర్త్ అండ్ టూ. పంట్ (బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకి ఇచ్చేయడం) చేయకుండా ఇంకో రన్నింగ్ బ్యాక్ లెన్‌డేల్ వైట్‌కి బంతి ఇచ్చారు, టెక్సస్ వాళ్లు ఆపేశారు, అక్కడి నుంచి మ్యాచ్ తిరిగిపోయింది, 41-38.

నా డౌట్లు ఏంటంటే, అక్కడ పంట్ చేసి టెక్సస్‌ని వెనక్కి నెట్టడం మంచిది కాదా? సరే రిస్క్ తీసుకున్నారే అనుకుందాం, దేశంలోనే బెస్ట్ ప్లేయర్ అని అవార్డు ఇచ్చిన బుష్ ఆ ప్లేకి సైడ్‌లైన్‌లో నిలబడి ఉన్నాడు, అదేం ప్లాన్? ఇంకొకటి, ఫస్ట్ హాఫ్‌లో విన్స్ కింద పడుతూ పక్కవాడికి బంతి వేసిన టచ్‌డౌన్ ఉంది కదా, అక్కడ మోకాలు నేలకి తగిలిందా లేదా? ఆఫీస్‌లో అడిగితే అందరూ టెక్సస్ వాళ్లే కాబట్టి టాపిక్ మార్చేస్తున్నారు.

జవాబు: కరీంనగర్_లాంగ్‌హార్న్

తమ్మీ, నేను అప్పుడు యూటీలో మాస్టర్స్ చేస్తుండె. గేమ్ అయిపోయినంక గ్వాడలూప్ స్ట్రీట్ మొత్తం జనమే, టవర్‌కి ఆరెంజ్ లైట్లు వేసి కిటికీల్ల "1" అంకె వెలిగించిన్రు, 1970 తర్వాత టెక్సస్‌కి మొదటి నేషనల్ టైటిల్ కదా మరి. ఆ రోజుల్ల మన దేశీ పోరగాళ్లకు ఈ ఆట మీద పెద్ద ఇంట్రెస్ట్ లేకుండె, కానీ ఆ ఒక్క రాత్రితోటి మా అపార్ట్‌మెంట్ల ఉన్నోళ్లందరం ఫ్యాన్స్ అయిపోయినం.

ఇగ నీ మొదటి డౌట్. నా లెక్క ప్రకారం అక్కడ పంట్ చేయాలె. ఎందుకో చెప్త చూడు. వైట్‌ని ఆపినప్పుడు గడియారంల 2:09 ఉంది. టెక్సస్ తన 44 నుంచి మొదలుపెట్టి 56 యార్డులు పోయింది, విన్స్ ఎండ్ జోన్‌ల కాలు పెట్టేసరికి మిగిలింది 19 సెకన్లు. అంటే 56 యార్డులకు 1 నిమిషం 50 సెకన్లు పట్టింది, అది కూడా విన్స్ లాంటోడు పీక్‌ల ఉన్నప్పుడు. అదే పంట్ కొట్టి టచ్‌బ్యాక్ (బంతి ఎండ్ జోన్‌లకు పోవుడు) అయినా టెక్సస్ 20 నుంచి మొదలుపెట్టాలె, ఇంకో 24 యార్డులు ఎక్స్‌ట్రా, చేతిల రెండు నిమిషాలే. అంతకుముందు టచ్‌డౌన్ డ్రైవ్ చూడు, 6:42కి యూఎస్‌సీ స్కోర్ చేస్తే 4:03కి టెక్సస్ స్కోర్ చేసింది, 2 నిమిషాల 39 సెకన్లు. లోతు మైదానం ఇస్తే టైమ్ సరిపోకపోవచ్చు.

కానీ ఒక్క మాట, అందరు ఆ ఫోర్త్ అండ్ టూ ఒక్కటే చెప్తరు, దాని తర్వాత టెక్సస్ కూడా చావు అంచుల దాకా పోయింది. థర్డ్ అండ్ 12 వచ్చింది, క్వాన్ కాస్బీకి పాస్ వేస్తే ఏడు యార్డులే వచ్చినయ్, యూఎస్‌సీ డిఫెండర్ ఫేస్‌మాస్క్ పట్టుకున్నందుకు పెనాల్టీ పడి ఫస్ట్ డౌన్ (మళ్ల కొత్తగ నాలుగు ప్రయత్నాలు) దొరికింది. ఆ చెయ్యి హెల్మెట్ మీద పడకుంటే కథ వేరే ఉండు. తర్వాత బ్రయన్ కార్టర్ పట్టిన క్యాచ్‌లు, అవి కూడా ఎవ్వరు గుర్తుపెట్టుకోరు. ఆఖర్న ఫోర్త్ అండ్ ఫైవ్, గోల్ లైన్‌కు 8 యార్డుల దూరం, విన్స్ పాస్ వేద్దామని చూసి ఎవ్వరు దొరకక కుడి పక్కకు ఉరికిండు, మూలకున్న పైలాన్ దగ్గర లోపలికి పోయిండు, ఒక్క చెయ్యి కూడ తగల్లే. ఆ వెంటనే టూ పాయింట్ (టచ్‌డౌన్ తర్వాత కిక్ బదులు రెండు పాయింట్ల కోసం ఆడే ప్లే) కూడ ఆయనే ఉరికిండు. మొత్తం గేమ్‌ల 19 రన్నులు, 200 యార్డులు, మూడు టచ్‌డౌన్లు, పాసింగ్‌ల 40కి 30, 267 యార్డులు. ఒక్క ఇంటర్‌సెప్షన్ (పాస్‌ని అవతలోడు పట్టుకునుడు) లేదు, విచిత్రం ఏందంటే ఒక్క పాసింగ్ టచ్‌డౌన్ కూడ లేదు.

జవాబు: ట్రోజన్_ఎల్ఏ

నేను యూఎస్‌సీలో ఎంఎస్ చేశాను, ఈ మ్యాచ్ తర్వాత చాలా ఏళ్లకి వెళ్లినా క్యాంపస్‌లో ఈ పేరు ఎత్తితే ఇప్పటికీ ముఖాలు మారిపోతాయి, నాకు కూడా మనసులో నుంచి పోవట్లేదు కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను.

కరీంనగర్ అన్నా, మీ లెక్క టైమ్ వరకు కరెక్టే. కానీ లీడ్ ఐదు పాయింట్లు అన్నది మర్చిపోకండి. ఐదు పాయింట్లు వెనకపడితే టెక్సస్‌కి ఫీల్డ్ గోల్ (మూడు పాయింట్ల కిక్) దేనికీ పనికిరాదు, అంటే వాళ్లు ప్రతి సిరీస్‌లో నాలుగు డౌన్‌లూ ఆడతారు, ఎక్కడి నుంచి మొదలుపెట్టినా నాలుగు డౌన్‌ల విన్స్ యంగ్‌ని ఆపాలి. ఆ రాత్రి మా డిఫెన్స్ విన్స్‌ని ఆపలేదు, టెక్సస్ మొత్తం 556 యార్డులు కొట్టింది. మావాళ్లు 574 కొట్టారు. సెకండ్ హాఫ్‌లో మా ఆఫెన్స్ నాలుగు టచ్‌డౌన్‌లు వేసింది. మీరు మా హెడ్ కోచ్ పీట్ క్యారల్ స్థానంలో ఉంటే రెండు యార్డుల కోసం ఆఫెన్స్‌ని నమ్ముతారా, ఎనభై యార్డుల కోసం డిఫెన్స్‌ని నమ్ముతారా? నేనైతే ఆఫెన్స్‌నే నమ్ముతాను, వందసార్లు అదే ప్లే వచ్చినా గో అనే అంటాను. ఈ రోజుల్లో ప్రతి టీమ్‌కీ లెక్కలు చూసే మనిషి పక్కనే ఉంటాడు, ఇలాంటి చోట వాళ్లూ చాలావరకు అదే చెప్తారు.

పైగా ఆ సీజన్ నడిచిందే అలా. 2005 అక్టోబర్ 15న నోట్రే డామ్ మీద, వాళ్ల గ్రౌండ్‌లో, ఓడిపోతున్న మ్యాచ్‌లో ఫోర్త్ అండ్ నైన్ వస్తే లైనార్ట్ డ్వేన్ జారెట్‌కి పాస్ వేశాడు, 61 యార్డులు. ఆఖరి సెకన్లలో లైనార్ట్ గోల్ లైన్ మీద ఇరుక్కుంటే బుష్ వెనక నుంచి తోశాడు, 34-31. అంత తెగించి గెలిచిన టీమ్ మూడు నెలలు తిరక్కుండానే రెండు యార్డులకి భయపడి పంట్ చేస్తుందా.

తప్పు ఎక్కడంటే మనోడి రెండో డౌట్ దగ్గర. బంతి వైట్‌కి ఇవ్వడం తప్పు కాదు, ఆ సీజన్‌లో 24 రషింగ్ (పాస్ కాకుండా పరుగుతో వచ్చిన) టచ్‌డౌన్‌లు వేసిన మనిషి, ఆ రాత్రి కూడా 124 యార్డులు, మూడు టచ్‌డౌన్‌లు. రెండు యార్డులకి అతనే సరైన మనిషి. కానీ బుష్‌ని ఫీల్డ్ మీద ఉంచాలి, బంతి ఇవ్వకపోయినా సరే. బుష్ ఒక పక్కన నిలబడితే చాలు, డిఫెన్స్‌లో కనీసం ఒకరి కళ్లు అటే ఉంటాయి, ఒక్కోసారి ఇద్దరివి. అతను బయట ఉన్నాడని చూడగానే టెక్సస్‌కి బంతి ఎవరికి వెళ్తుందో, ఎటు వెళ్తుందో తెలిసిపోయింది, అందరూ మధ్యకి దిగిపోయారు. మైకెల్ హఫ్ ముందుకి దూసుకొచ్చి వైట్‌ని పట్టేశాడు. హఫ్ ఆ ఏడాది జిమ్ థోర్ప్ అవార్డు, అంటే దేశంలో బెస్ట్ డిఫెన్సివ్ బ్యాక్, అలాంటివాడికి వెనక కాపలా కాయాల్సిన పని లేకుండా చేశాం. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఇంకో సంగతి చెప్తాను. ఆ ఏడాది మా ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ లేన్ కిఫిన్, అతనితో పాటు ఆఫెన్స్ చూసిన ఇంకో కోచ్ స్టీవ్ సార్కీసియన్. అవును, 2021 నుంచి టెక్సస్ హెడ్ కోచ్‌గా ఉన్న సార్కీసియనే. ఆ రాత్రి అవతలి సైడ్‌లైన్ మీద ఉన్న మనిషి.

జవాబు: రూల్స్_రావు

మూడో డౌట్‌కి నేను. టీవీ రీప్లేలో స్పష్టంగా కనిపిస్తుంది, విన్స్ మోకాలు నేలకి తగిలాకే టీమ్‌మేట్ సెల్విన్ యంగ్‌కి బంతి వేశాడు. కాలేజ్ రూల్‌లో మోకాలు తగిలితే అక్కడితో ప్లే అయిపోయినట్టే, ప్రో ఆటలోలా ఎవరైనా ముట్టుకుని ఉండాలన్న నియమం కూడా లేదు. రివ్యూ జరగలేదు, టచ్‌డౌన్ నిలబడింది. తర్వాత ఎక్స్‌ట్రా పాయింట్ కిక్‌ని టెక్సస్ కిక్కర్ డేవిడ్ పీనో మిస్ చేశాడు, కాబట్టి వచ్చింది ఆరే. కానీ దీన్ని పట్టుకుని మ్యాచ్ దొంగిలించారనే వాదన నాకు నచ్చదండి, అది సెకండ్ క్వార్టర్, టెక్సస్ అప్పటికే యూఎస్‌సీ గోల్ లైన్‌కి దగ్గర్లో ఉంది, టచ్‌డౌన్ కాకపోయినా ఫీల్డ్ గోల్ అయినా వచ్చేదేమో. యూఎస్‌సీ ఆ హాఫ్‌లో చేజేతులా పోగొట్టుకున్నవి చూడండి: బుష్ పెద్ద పరుగు తీసి, ఎవరూ అడగకుండానే పక్కవాడికి లాటరల్ (పక్కకో వెనక్కో విసిరే పాస్) వేశాడు, బంతి టెక్సస్ చేతికి వెళ్లింది. ఇంకోసారి లైనార్ట్ పాస్‌ని ఎండ్ జోన్‌లో టెక్సస్ డిఫెండర్ మైకెల్ గ్రిఫిన్ అందుకున్నాడు. ఫోర్త్ అండ్ వన్‌కి లైనార్ట్ స్నీక్ (తానే బంతితో మధ్యలోకి దూరడం) చేయబోతే అది కూడా ఆగిపోయింది. హాఫ్‌టైమ్ 16-10 టెక్సస్.

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క, ఈ "బౌల్" అన్నది స్టేడియం ఆకారం నుంచి వచ్చింది. పాసడీనాలో గులాబీల ఊరేగింపుతో పాటు 1902లో మొదటి మ్యాచ్ పెట్టారు, మిషిగన్ 49, స్టాన్‌ఫర్డ్ 0. గిన్నెలా కట్టిన స్టేడియం 1922లో వచ్చింది. మామూలుగా బిగ్ టెన్, ప్యాక్ టెన్ అనే కాలేజ్ లీగ్‌ల విన్నర్లు అక్కడ ఆడేవాళ్లు, 2006లో నేషనల్ ఛాంపియన్‌షిప్ వంతు ఆ బౌల్‌కి వచ్చింది కాబట్టి టెక్సస్ వెళ్లింది. ఏబీసీలో ఆ మ్యాచ్ కామెంటరీ చెప్పిన కీత్ జాక్సన్‌కి అదే ఆఖరి ప్రసారం, వీలైతే ఒరిజినల్ ఆడియో ఉన్న వీడియోనే చూడండి.

ఆస్టిన్‌లో_మనోడు

రావు గారూ థ్యాంక్యూ, ఎవరూ ముట్టుకోకపోయినా మోకాలు తగిలితే డౌన్ అన్న రూల్ నాకు తెలియదు. ట్రోజన్ బ్రో, సార్కీసియన్ సంగతి చదివి మా లీడ్‌కి వెంటనే మెసేజ్ పెట్టాను, ఆయనకి తెలుసంట, ఎవరైనా అడుగుతారేమో అని చూస్తున్నాడంట. ఇంకో ప్రశ్న, 2010లో యూఎస్‌సీ విజయాలు కొన్ని కొట్టేశారు అని చదివాను, మరి ఈ మ్యాచ్ లెక్కలో ఉన్నట్టా లేనట్టా?

ట్రోజన్_ఎల్ఏ

బుష్ కాలేజీలో ఉండగా అతని కుటుంబానికి బయటి మనుషుల నుంచి డబ్బు, ఇల్లు లాంటివి అందాయని ఎన్‌సీఏఏ (కాలేజ్ ఆటల్ని నడిపే సంస్థ) తేల్చి 2010 జూన్‌లో రెండేళ్ల బౌల్ నిషేధం, 30 స్కాలర్‌షిప్‌ల కోత వేసింది. పాత విజయాలు కొన్ని రికార్డుల్లో నుంచి తీసేశారు, 2004 సీజన్ టైటిల్ కూడా 2011లో వెనక్కి తీసుకున్నారు. ఈ రోజ్ బౌల్‌లో ఆడటం కూడా మా రికార్డులో లేకుండా చేశారు, టెక్సస్ గెలుపు మాత్రం అలాగే ఉంది. హైస్‌మన్‌ని బుష్ 2010లో వదిలేసుకున్నాడు, 2024 ఏప్రిల్‌లో తిరిగి ఇచ్చారు. ఇప్పుడు ప్లేయర్లు పబ్లిగ్గా డబ్బు తీసుకోవచ్చు, మరి అప్పటి పిల్లలకి ఆ శిక్ష ఎందుకు పడాలి అని నాకు ఇప్పటికీ కోపమే. 1,740 యార్డులు పరిగెత్తింది అతనే, ఎవరో కాగితం మీద కొట్టేస్తే ఆ పరుగులు జరగనట్టు అవుతాయా.

జవాబు: అర్లింగ్టన్_అక్క

సార్కీసియన్ పేరు వచ్చింది కాబట్టి నేను కూడా రాస్తున్నా. 2025 జనవరి 10న కాటన్ బౌల్‌కి మేము ఫ్యామిలీ అంతా వెళ్లాం, ఏటీ అండ్ టీ స్టేడియం మా ఇంటికి దగ్గరే, ప్లేఆఫ్ సెమీఫైనల్, టెక్సస్ - ఒహాయో స్టేట్. మా అబ్బాయి యూటీలో చదువుతున్నాడు, వాడి ఫ్రెండ్స్ గ్యాంగ్ అంతా కాల్చిన ఆరెంజ్ రంగు షర్టులు, టెయిల్‌గేట్‌కి (మ్యాచ్ ముందు పార్కింగ్‌లో చేసుకునే విందు) నేను పులిహోర, చికెన్ ఫ్రై చేసి పట్టుకెళ్లాను, పక్క కారువాళ్లు కూడా వచ్చి తిన్నారు.

మ్యాచ్ 21-14, టెక్సస్ వెనక. ఒహాయో స్టేట్ ఒక్క యార్డ్ లైన్ దాకా వెళ్లాం, స్టేడియం ఊగిపోతోంది. సెకండ్ డౌన్‌కి బంతిని వెనక్కి, పక్కకి వేసి రన్నింగ్ బ్యాక్ విజ్నర్‌ని బయట వైపు పరిగెత్తించారు, ఏడు యార్డులు వెనక్కి పోయాం. ఒక్క యార్డ్ కావాల్సినప్పుడు మధ్యలోకి తోసుకుపోకుండా పక్కకి ఎందుకు వెళ్లారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చివరికి ఫోర్త్ డౌన్‌కి మా క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఈవర్స్ పాస్ వేసేలోపు ఒహాయో స్టేట్ డిఫెండర్ జాక్ సాయర్ వచ్చి కొట్టాడు, బంతి ఊడింది, అతనే తీసుకుని 83 యార్డులు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 28-14. మా అబ్బాయి ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

దానికి తొమ్మిది రోజుల ముందే పీచ్ బౌల్‌లో అరిజోనా స్టేట్ మీద ఓవర్‌టైమ్‌లో ఫోర్త్ అండ్ 13కి ఈవర్స్ మ్యాథ్యూ గోల్డెన్‌కి వేసి టచ్‌డౌన్ కొట్టాడు, రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 39-31 గెలిచాం. అందుకే కాటన్ బౌల్ ఇంకా ఎక్కువ నొప్పి పెట్టింది.

కరీంనగర్_లాంగ్‌హార్న్

అక్కా, ఆ సెకండ్ డౌన్ ప్లే చూసి నేను టీవీ ముందు కూలబడ్డ. అయితే ట్రోజన్ చెప్పింది దీనికి కూడా వర్తిస్తది. వైట్‌కి ఇచ్చినప్పుడు అందరు మధ్యల ఉంటరని తెలిసి మధ్యలకే పోయిన్రు, కాటన్ బౌల్‌ల అందరు మధ్యల ఉంటరనే భయంతోటి బయటికి పోయిన్రు. రెండు చోట్ల అవతలోడు ముందే పసిగట్టిండు.

ట్రోజన్, బుష్ విషయంల నీతోటి సగమే ఒప్పుకుంట. బుష్ ఉన్నా టెక్సస్ లైన్ ఆ ప్లేల ఎక్కడికి పోయేది కాదు, స్నాప్ (బంతి ఆటలకు వచ్చుడు) అయ్యేసరికే లోపలికి దిగిపోయిన్రు, స్లో మోషన్‌ల చూడు. టెక్సస్ డిఫెన్స్ చూసిన కోచ్‌లల్ల జీన్ చిజిక్ ఒకడు, అంతకుముందు ఏడాది ఆబర్న్‌ల ఉండి ఒక్క ఓటమి లేకుండ వచ్చినోడు. ఆళ్లకు క్రెడిట్ ఇయ్యకుండ బుష్ లేకపోవుడు వల్లనే ఆగింది అంటే నాకు నచ్చది.

ట్రోజన్_ఎల్ఏ

క్రెడిట్ ఇస్తాను అన్నా, హఫ్‌కి అయితే రెండు చేతులా ఇస్తాను. కానీ ఒక్కటి చూడండి, టెక్సస్ స్కోర్ చేశాక 19 సెకన్లు ఉన్నాయి, లైనార్ట్ మొదటి పాస్ ఎవరికి వేశాడు? బుష్‌కే. పాతిక యార్డులకి పైగా వచ్చాయి, తర్వాత పాస్ అందలేదు, టైమ్ అయిపోయింది. ప్రాణం మీదకి వచ్చినప్పుడు గుర్తొచ్చిన మనిషి అంతకు రెండు నిమిషాల ముందు ఎందుకు గుర్తురాలేదు అన్నదే నా ప్రశ్న.

రూల్స్_రావు

మనోడు గారూ, మీరు ఈ మ్యాచ్ చూశారు కాబట్టి దీనికి ముందు ఏడాది రోజ్ బౌల్ కూడా చూడండి, 2005 జనవరి 1, టెక్సస్ - మిషిగన్, 38-37. విన్స్ 192 యార్డులు పరిగెత్తి నాలుగు టచ్‌డౌన్‌లు వేశాడు, ఆఖరి సెకన్లలో టెక్సస్ కిక్కర్ డస్టీ మాంగమ్ 37 యార్డుల ఫీల్డ్ గోల్‌తో గెలిపించాడు. అదే గ్రౌండ్. విన్స్ అప్పుడే మళ్లీ వస్తాం అన్నాడు. ఆ తర్వాత హైస్‌మన్ ఓటింగ్‌లో బుష్ వెనక రెండో స్థానం వచ్చింది, అదంతా తెలిసి చూస్తే 2006 మ్యాచ్‌లో అతని పరుగు ఇంకోలా కనిపిస్తుంది.

ఆస్టిన్‌లో_మనోడు

ఈ వీకెండ్ మిషిగన్ మ్యాచ్ పెడతాను, మా ఆవిడ కూడా చూస్తానంటోంది. తర్వాత ఆ ఫోర్త్ అండ్ టూని ఇంకోసారి స్లోగా వేసుకుని, కరీంనగర్ అన్న చెప్పినట్టు లైన్ దగ్గర ఎవరు ముందు కదిలారో, ట్రోజన్ బ్రో చెప్పినట్టు హఫ్ ఎక్కడి నుంచి వచ్చాడో చూసి రాస్తాను. అక్కా, వచ్చే సీజన్ అర్లింగ్టన్‌లో మ్యాచ్ పడితే చెప్పండి, మేం కూడా వస్తాం.